మా నాన్నా, థేమ్స్ లాకులూ

లాకు అనే మాట ఇంగ్లీషుదని మా నాన్నకి అరవై అయిదో ఏట తెలిసింది. మాది ఆత్రేయపురం దగ్గర ఒక చిన్న ఊరు, లొల్ల లాకులకి సైకిల్ మీద పావుగంట. బొబ్బర్లంక నుంచి వచ్చే పెద్ద కాలవ అక్కడే పాయలుగా చీలి కోనసీమలోకి పోతుంది. మాకు లాకు, అంటే పడవల్ని ఎగువకీ దిగువకీ దాటించడానికి నీళ్ళు నింపి వదిలే తలుపుల కట్టడం, కాలవ, గట్టు, బోదె, తూము లాంటి మాటే, పుట్టినప్పట్నుంచీ నోట్లో ఉన్న మాట, అది ఇంకో భాషలోంచి వచ్చిందని మా ఊళ్ళో ఎవరికీ తట్టదు. 2011 మే నెలలో ఒక సాయంత్రం థేమ్స్ ఒడ్డున కావెర్షమ్ లాక్ దగ్గర నిలబడి నాన్న అడిగారు, దీన్ని ఇక్కడేమంటార్రా అని. లాక్ అనే అంటారు నాన్నా అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, అయితే కాటన్ దొర కాలవతో పాటు మాట కూడా తెచ్చి మనకిచ్చాడన్నమాట అన్నారు.

అప్పుడు మేం ఇంగ్లండులో రెడింగ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం, 2008 నుంచి 2013 దాకా. స్పెల్లింగ్ చూస్తే రీడింగ్ అని చదువుతారు, పలకడం మాత్రం రెడింగ్. లండన్ పాడింగ్టన్ నుంచి ఫాస్ట్ ట్రైన్ అయితే అరగంట. ఊరికి ఉత్తరాన థేమ్స్, ఊరి మధ్యలోంచి వచ్చి అందులో కలిసే కెన్నెట్ అని ఇంకో చిన్న నది. చుట్టూ ఐటీ కంపెనీలు కాబట్టి మన తెలుగువాళ్ళు బాగానే ఉంటారు, లోయర్ ఎర్లీ వైపు అయితే శనివారం పొద్దున్న కిటికీలోంచి పోపు వాసన వచ్చేది. మేం మాత్రం నదికి అవతల కావెర్షమ్‌లో ఉండేవాళ్ళం, రోజూ బ్రిడ్జి దాటి స్టేషన్‌కి నడిచేవాడిని.

ఆ ఏడు దాళ్వా కోతలు అయిపోయాక అమ్మా నాన్నా ఆరు నెలల వీసా మీద వచ్చారు. అమ్మకి రెండు రోజుల్లోనే అలవాటైపోయింది, మా ఆవిడా తనూ వంటింట్లో ఏదో ఒకటి చేసుకుంటూ ఉండేవాళ్ళు. నాన్న పరిస్థితే బాలేదు. తెల్లారి నాలుగున్నరకే వెలుతురొచ్చేసేది, ఆయన లేచి కూర్చునేవారు, ఎక్కడికి వెళ్ళాలో తెలీదు, మాట్లాడ్డానికి మనిషి లేడు, రాత్రి తొమ్మిదిన్నర దాకా పొద్దు కుంకదు. విండ్సర్ కోట చూపించాం, ఆక్స్‌ఫర్డ్ చూపించాం, లండన్‌లో చూపించాల్సినవన్నీ చూపించాం, బాగుంది బాబూ అనేవారు అంతే, ఆ అనడంలోనే తెలిసిపోయేది ఏమీ ఎక్కలేదని. రెండు వారాలకే ఇంటికి ఫోన్ చేసి చేలో ఎండు గడ్డి ఎక్కడ పెట్టారు, కాలవలు ఎప్పుడు వదుల్తారు అని బాబాయిని అడగడం, అదే ఆయనకి పొద్దుపోయే మార్గం.

కావెర్షమ్ లాక్ దగ్గరికి ఊరికే నడకకని తీసుకెళ్ళాను, ఏమీ అనుకుని కాదు. మేం వెళ్ళేసరికి సన్నగా పొడుగ్గా ఉన్న ఒక పడవ, పైన పూల కుండీలు పెట్టుకుని ఉంది, లాకులోకి వచ్చి ఆగింది. వెనక తలుపులు మూసుకున్నాయి. లాక్ కీపర్ ఒక పెద్దాయన, ఏదో బటన్ నొక్కాడు, లోపల అడుగునుంచి నీళ్ళు సుడులు తిరుగుతూ పైకి ఉబికాయి, నురుగు తెల్లగా గోడల్ని రాసుకుంటూ లేస్తోంది. గోడకి పట్టిన నాచు ఒక్కో అంగుళం మునిగిపోతుంటే పడవ మెల్లగా పైకి లేచింది, మోకాళ్ళ కింద ఉన్నది నడుం దాకా వచ్చింది, దాంట్లో ఉన్నావిడ మాకు ఎదురుగా వచ్చేసి హలో అంది. నాన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి ఆ నాచు గీతనే చూస్తున్నారు. రెండు వారాల్లో ఆ మొహంలో వెలుగు చూడ్డం అదే మొదటిసారి. చిన్నప్పుడు లొల్ల దగ్గర పడవలు ఇలాగే బారులు తీరి ఉండేవంట, ధాన్యం పడవలు, కొబ్బరికాయల పడవలు, గాలి లేనప్పుడు గట్టు మీద మనుషులు తాడు భుజానికేసుకుని లాగేవారంట, లాకు నిండేదాకా పిల్లలంతా గట్టున కూర్చుని చూసేవారంట. ఇవన్నీ ముప్పై అయిదేళ్ళు వచ్చేదాకా నాకు ఎప్పుడూ చెప్పలేదు ఆయన, నేనూ అడగలేదు.

ఆ లాక్ కీపర్‌ని చూపించి, వీళ్ళ లస్కరు భలే బట్టలేసుకున్నాడు అన్నారు. లస్కరు అంటే మా వైపు కాలవల మీద తూములు ఎత్తే మనిషి, ఇరిగేషన్ వాళ్ళు. అప్పట్నుంచి మా ఇంట్లో లాక్ కీపర్ అనే మాటే లేదు, లస్కరే.

సముద్రం పోటు తగలని థేమ్స్ మీద మొత్తం 45 లాకులున్నాయని ఎక్కడో చదివి చెప్పాను. అంతే, ఇక ప్రతి శనివారం ఏ లాకుకి వెళ్తున్నాం అనేదే ప్రశ్న. రైళ్ళు ఉన్నాయి కదా, రెడింగ్ నుంచి ఏ వైపుకైనా పోవచ్చు, అప్పట్లో నలుగురు కలిసి వెళ్తే ఇద్దరి టికెట్ డబ్బులే తీసుకునేవాళ్ళు, మేం సరిగ్గా నలుగురం. స్టేషన్ అప్పుడు మొత్తం తవ్వి కొత్తగా కడుతున్నారు, ఎటు చూసినా రేకులు, క్రేన్లు, ప్లాట్‌ఫామ్ వెతుక్కోవడానికి పది నిమిషాలు పట్టేది. అమ్మ పొద్దున్నే పులిహోర కలిపేది, పెరుగన్నంలో అల్లం ముక్కలు వేసి డబ్బాకి పెట్టేది, బయట కొనుక్కుతినడం ఆవిడకి మనసొప్పేది కాదు.

మొదట సోనింగ్ వెళ్ళాం, రైలు కూడా అక్కర్లేదు, కెన్నెట్ థేమ్స్‌లో కలిసే చోటు దాటి ఒడ్డు పట్టుకుని నడిస్తే గంటా గంటంబావు. సంగమం దగ్గర అమ్మ ఆగి నీళ్ళు తీసి తల మీద చల్లుకుంది, రెండు నదులు కలిసే చోట ఊరికే దాటిపోతే ఎలాగరా అంది. సోనింగ్‌లో ఎర్ర ఇటుకల పాత బ్రిడ్జి ఉంది, 18వ శతాబ్దం నాటిది, దాని మీద ఒకేసారి ఒక వైపు కార్లే పోవాలి, అంత సన్నం. నాన్న ఒడ్డున నిలబడి వేలుతో ఖానాలు లెక్కపెట్టారు, 11. మళ్ళీ లెక్కపెట్టారు. రాజమండ్రి బ్రిడ్జి మీద రైలెక్కినప్పుడు కూడా ఆయనకి ఇదే అలవాటు.

హెన్లీ అమ్మకి తెగ నచ్చింది. ట్వైఫోర్డ్‌లో రైలు మారి చిన్న లైన్‌లో వెళ్ళాలి. జులై మొదట్లో అక్కడ పడవ పందేలు, 1839 నుంచీ జరుగుతున్నాయి, 2,112 మీటర్ల దూరం ఇద్దరిద్దరే పోటీ. మేం వెళ్ళింది ఆ పందేల రోజుల్లోనే, ఆడవాళ్ళంతా పెద్ద పెద్ద టోపీలు, మగవాళ్ళు గీతల కోట్లు, అమ్మ ఒక గట్టున కూర్చుని ఎవరి చీర ఎలా ఉందో పెళ్ళిలో చూసినట్టు చూసింది. నాన్న మాత్రం గోదావరిలో ఈ తెడ్లు పనికిరావు అని ఒక్క మాటతో తేల్చేశారు. మార్లో వెళ్ళాం, వాలింగ్‌ఫర్డ్ వెళ్ళాం, చోల్సీలో అగాథా క్రిస్టీ సమాధి ఉందని మా ఆవిడ పట్టుబడితే పొలాల్లోంచి నడిచి చర్చి దాకా వెళ్ళాం, క్రిస్టీ డిటెక్టివ్ నవలలన్నీ హాస్టల్లో ఉన్నప్పుడు చదివిందంట. ఆ దారంతా గోధుమ చేలు, నాన్న ఒక వెన్ను తుంచి అరచేతిలో నలిపి ఊదారు, పాలు పోసుకుంటోంది ఇంకా అన్నారు.

మేపుల్‌డర్హమ్ గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. అది థేమ్స్ పక్కన ఒక పల్లెటూరు, పదో పదిహేనో ఇళ్ళు, ఒక పాత జమీందారీ భవనం, ఒక చర్చి, ఒక నీటి మర. వేసవి శని ఆదివారాల్లో కావెర్షమ్ నుంచి చిన్న బోటు వేసేవాళ్ళు. ఆ మర వందల ఏళ్ళది, థేమ్స్ మీద ఇప్పటికీ నీటితో పిండి ఆడుతున్న మర అదొక్కటేనంట. లోపలికి వెళ్తే నేల మొత్తం అదురుతూ ఉంటుంది, చెక్క చక్రం బయట నీళ్ళలో తిరుగుతుంటే దాని ఇరుసు లోపల పళ్ళ చక్రాల్ని తిప్పి, అవి పైన రాళ్ళని తిప్పుతాయి, పళ్ళు కూడా చెక్కవే. పిండి ఒక చెక్క గొట్టంలోంచి కిందికి సంచిలో పడుతోంది. అక్కడున్నతను చెయ్యి పెట్టి చూడమన్నాడు. నాన్న దోసిలి పట్టారు, పిండి వెచ్చగా ఉంది, తవుడు రంగులో, మీసాల మీదా కనుబొమ్మల మీదా పొడి పడింది. అమ్మ ఆ దోసిట్లోంచి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని, తిరగల్లో విసిరిన వాసనే అంది. ఒక సంచి కొనుక్కొచ్చి ఆ రాత్రి చపాతీలు చేసింది. మామూలుగా షాపులో కొనే పిండితో చేస్తే నాన్న రెండు తినేవారు, ఆ రోజు అయిదు తిన్నారు.

జూన్ చివర్లో నా ఫ్రెండ్ ఒకతను కారు ఇచ్చాడు, రైల్లో వెళ్ళలేని చోట్లు చూపించుకో అని. పాంగ్‌బోర్న్ మీదుగా వెళ్ళాం. అక్కడ నది దాటాలంటే విట్‌చర్చ్ బ్రిడ్జి, దానికి టోల్ కట్టాలి, గవర్నమెంటుకి కాదు, బ్రిడ్జి కంపెనీకి, 1792లో పార్లమెంట్ చట్టం చేసి ఇచ్చిన హక్కు. చిన్న గుడిసెలాంటి గదిలోంచి ఒకావిడ చెయ్యి చాపి చిల్లర తీసుకుంది. నాన్న అది చూసి, మన సంత దగ్గర ఆశీలు వసూలు చేసినట్టుంది అన్నారు. ఆశీలు అనే మాట విని నాకు పదిహేనేళ్ళయి ఉంటుంది.

బ్రిడ్జి దాటాక రోడ్డు కొండెక్కుతుంది, రెండు వైపులా చెట్లు పైన కలిసిపోయి సొరంగంలా ఉంటుంది. కొండ మీద ఒక ఊళ్ళో పచ్చిక కనిపిస్తే ఆపాం, అమ్మ దుప్పటి పరిచింది, పులిహోర తిన్నాం. నాన్న చెయ్యి కడుక్కుంటూ ఈ ఊరి పేరేంట్రా అని అడిగారు. బయల్దేరేటప్పుడు బోర్డు చూసి చెప్పాను, వుడ్‌కోట్ అని. మా ఆవిడ బోర్డు పక్కన ఇద్దర్నీ నిలబెట్టి ఒక ఫోటో తీసింది, ఎందుకంటే అక్కడ గులాబీలు బాగున్నాయి. అంతే, ఆ ఊళ్ళో ఇంకేం చూడలేదు.

అక్కడినుంచి కాస్త దూరంలోనే స్టోక్ రో. మేం వెళ్తున్నది దానికోసమే. ఇంగ్లండు పల్లెటూళ్ళో రోడ్డు పక్కన ఒక గోపురం, కింద స్తంభాలు, లోపల బావి, గిలకల యంత్రం మీద బంగారు రంగు ఏనుగు. కాశీ మహారాజు తవ్వించిన బావి అది. ఆ చుట్టుపక్కల ఇప్స్‌డెన్ నుంచి వెళ్ళిన ఎడ్వర్డ్ రీడ్ అనే ఆయన మన దేశంలో పెద్ద ఉద్యోగం చేసేవాడు, కాశీ రాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ సింగ్‌కి స్నేహితుడు. మా ఊళ్ళ వైపు నీళ్ళకి కటకట, ఇంట్లో ఉన్న ఆఖరి నీళ్ళు తాగేశాడని ఒక పిల్లాడిని కొట్టారు అని ఎప్పుడో మాటల్లో చెప్పాడంట. రాజుగారు అది మనసులో పెట్టుకుని, అక్కడ బావి తవ్వించమని డబ్బిచ్చారు. ఆ కొండలన్నీ సుద్దరాయి, వాన పడ్డ నీళ్ళు పడ్డట్టే కిందికి ఇంకిపోతాయి, అందుకే 368 అడుగులు తవ్వాల్సొచ్చింది, మనుషులు చేత్తో తవ్వారు, నాలుగడుగుల వెడల్పు గోతిలో. లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి ఎత్తు 365 అడుగులు, దాన్ని తలకిందులుగా దింపినా మునిగిపోతుంది. 1864లో ప్రారంభించారు. బావి ఖర్చులకి ఆదాయం ఉండాలని పక్కన చెర్రీ తోట కూడా వేయించారు.

అమ్మ ఆ బావి చుట్టూ ప్రదక్షిణ చేసింది. గట్టుని తాకి కళ్ళకద్దుకుంది. కాశీ రాజు పుణ్యం ఇంత దూరం వచ్చిందా అంది, ఆవిడ అప్పటికి కాశీ చూడలేదు. నాన్న లోపలికి తొంగి చూడ్డానికి ప్రయత్నించారు కానీ పైన మూత ఉంది, కనపళ్ళేదు. ఆయనకి 368 అడుగుల లోతులో నీళ్ళు అనే సంగతే అర్థం కాలేదు, మా ఊళ్ళో పది పన్నెండు అడుగులు తవ్వితే నీళ్ళు. నీళ్ళ పక్కన పుట్టాం కాబట్టి తెలీట్లేదు మనకి అని కారెక్కేదాకా అదే మాట.

ఆ వారమే బాబాయి ఫోన్ చేశాడు. గుర్తుండే ఉంటుంది చాలామందికి, 2011 సార్వాకి కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. పండించిన ధాన్యానికి ధర లేదు, కొనేవాడు లేడు, కూలి రేట్లు పెరిగిపోయాయి, డ్రెయిన్లు పూడిపోయి వానొస్తే చేలు మునిగిపోతున్నాయి, నాట్లేసి నష్టపోవడం కంటే వెయ్యకపోవడమే నయం అని. ఈ ఏడు మన చేలు కూడా వదిలేస్తున్నాం అన్నయ్యా అని బాబాయి చెప్తుంటే నాన్న ఊ, ఊ అని విన్నారు. ఫోన్ పెట్టేశాక బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డారు. కాలవ నిండా నీళ్ళుండి, చేను బీడు పెట్టడం ఆయనకి తెలీదు. వాళ్ళ నాన్నకీ తెలీదు. వాళ్ళ తాతలు నందన కరువు గురించి చెప్పేవారంట, ఆనకట్ట కట్టకముందు 1830ల్లో వచ్చిన కరువు, నది నిండా నీళ్ళు సముద్రంలోకి పోతుంటే గట్టు మీద మనుషులు ఆకలికి పోయారని.

రెండు మూడు రోజుల తర్వాత అన్నం తింటూ అన్నారు, కాటన్ దొర సమాధి ఈ దేశంలోనే కదా ఉంది, ఎంత దూరం అని.

వెతికితే డోర్కింగ్ అని తేలింది. నేను మూడేళ్ళుగా ఆ లైన్ బోర్డు రోజూ చూస్తున్నాను. రెడింగ్‌లో ఎక్కితే మారక్కర్లేదు, వోకింగ్‌హమ్, గిల్డ్‌ఫర్డ్ మీదుగా డోర్కింగ్ డీప్‌డీన్, గంట పైన. జులై 24 కాటన్ పోయిన రోజు, 1899లో, ఆ ఏడు ఆదివారం వచ్చింది, ఆ రోజే వెళ్దాం అన్నారు నాన్న.

ముందు రోజు రాత్రి అమ్మ మేం అద్దెకున్న ఇంటి పెరట్లో గులాబీలు కోసి తడి గుడ్డలో చుట్టి పెట్టింది. పొద్దున్నే బియ్యంలో పసుపూ చుక్క నెయ్యీ వేసి అక్షింతలు కలిపి చిన్న స్టీలు డబ్బాలో పోసింది. నాన్న పంచె కట్టుకున్నారు, ఇంగ్లండులో అదొక్కసారే కట్టారు. రైల్లో ఎదురు సీట్లో ఒక చిన్నపిల్ల ఆ పంచె అంచుని పట్టుకుని చూస్తూ ఉంటే నాన్న దానికి కండువా కూడా ఇచ్చారు ఆడుకోమని.

డీప్‌డీన్ స్టేషన్ దిగి కొంచెం నడవగానే రౌండెబౌట్ మధ్యలో వెండిలా మెరిసే పెద్ద కోడిపుంజు బొమ్మ. డోర్కింగ్ కోడి అని ఆ ఊరి పేరు మీదే ఒక జాతి ఉంది, దానికి కాలికి అయిదు వేళ్ళుంటాయి. ఇది చెప్పగానే నాన్న రోడ్డు దాటడం ఆపేసి వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. డేగ, కాకి, నెమలి అన్నీ చూశాను గానీ అయిదు వేళ్ళ పుంజుని ఎక్కడా చూడలేదు, మనవాళ్ళకి తెలిస్తే సంక్రాంతికి ఇక్కడికొచ్చేస్తారు అన్నారు. ఆ పొద్దున్న అప్పటిదాకా ఆయన నవ్వలేదు.

శ్మశానం రైగేట్ రోడ్డు మీద ఉంది. పెద్ద పెద్ద చెట్లు, పాత రాళ్ళు కొన్ని పక్కకి వాలిపోయి, గడ్డిలో తెల్ల పూలు. గేటు దగ్గర నాన్న చెప్పులు విప్పేశారు. లోపల ఒకతను గడ్డి కోస్తున్నాడు, నేను నోరు తెరవకముందే మమ్మల్ని చూసి, కాటన్ కోసమేనా అని చెయ్యి చూపించాడు. ఇండియా వాళ్ళు ఎవరొచ్చినా అక్కడికే వెళ్తారంట. ఆ మాట నాన్నకి చెప్తే గొంతు పూడుకుపోయింది ఆయనకి.

మామూలు రాతి సమాధి. మా ఊళ్ళ వైపు ప్రతి సెంటర్లోనూ గుర్రం మీద ఉంటాడు కాటన్ దొర, ఇక్కడ పేరు తప్ప ఏమీ లేదు. నాన్నకి ఇంగ్లీషు అంతగా రాదు, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివారు. అమ్మ పూలు పెట్టింది. గోదావరి స్నానం చేయించేటప్పుడు పురోహితులు కాటన్‌ని భగీరథుడని స్మరించే శ్లోకం ఒకటుంది కదా, అది నాన్నకి కంఠతా వచ్చు, చేతులు జోడించి అది చదివారు, అక్షింతలు వేశారు. నేను అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆయన గడ్డి మీద కూర్చున్నారు. కూర్చుని, ఆఫీసర్ ముందు రైతు చెప్పుకున్నట్టు, చెప్పడం మొదలుపెట్టారు. అయ్యా, కాలవలు వదిలారు. నీళ్ళు బాగానే ఉన్నాయి. మీరు కట్టిన ఆనకట్ట తర్వాత దాని స్థానంలో కొత్త బ్యారేజీ కట్టారు, మీ పేరే పెట్టారు. గన్నవరం అక్విడక్టు పక్కన కొత్తది కట్టారు, మీరున్నప్పటి పాతదీ అలాగే ఉంది. ఈ ఏడు మేం నాట్లు వెయ్యట్లేదండి. తప్పు మీ నీళ్ళది కాదు. వచ్చే ఏడు వేస్తాం.

అంతే చెప్పారు. నాలుగైదు నిమిషాలు పట్టిందేమో. మా ఆవిడ పక్కకెళ్ళి చెట్టు దగ్గర నిలబడింది. నేను రైతు కొడుకునే, కానీ ఎప్పుడూ ధరలూ నష్టాలూ అనే లెక్కలో తప్ప పొలాన్ని చూడలేదు, ఎకరం అమ్మేసి ఫ్లాటు కొందాం అని ఆయన్ని అడిగింది కూడా నేనే, ఆ ముందు ఏడు. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

వచ్చేటప్పుడు ఆదివారం కదా రైళ్ళు తక్కువ, ఒకటి కళ్ళ ముందే వెళ్ళిపోయింది, ప్లాట్‌ఫామ్ మీద చాలాసేపు కూర్చున్నాం. అమ్మ పెరుగన్నం డబ్బా తీసింది. నాన్న కాటన్ గురించి నాకు తెలియనివి చాలా చెప్పారు. కావేరి మీద చోళులు కట్టిన కల్లణై అనే పాత ఆనకట్ట చూసి, ఇసకలో పునాది ఎలా నిలుస్తుందో వాళ్ళ పని నుంచే నేర్చుకున్నాడని, 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడని, రాయంతా ధవళేశ్వరం కొండదేనని. మన పాతవాళ్ళ దగ్గర నేర్చుకుని మనకే కట్టిపెట్టాడు, అందుకే అది నిలిచింది అన్నారు. ఆయన గొంతులో రెండు నెలల తర్వాత మా ఊళ్ళో ఉండే నాన్న వినిపించారు నాకు.

అక్టోబర్లో వెళ్ళిపోయారు. మరుసటి సార్వాకి నాట్లు వేశారు. మేం 2013లో హైదరాబాద్ వచ్చేశాం, వచ్చేముందు ఒక్కణ్ణే కావెర్షమ్ లాక్ దగ్గరికి వెళ్ళి రెండు పడవలు దాటేదాకా నిలబడ్డాను.

ఇదంతా రాయడానికి కారణం ఒకటుంది. 2019లో పుష్కరాల పాత ఫోటోలేవో చూస్తూ కాటన్ జీవితం గురించి మళ్ళీ చదువుతున్నాను. మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. ఆర్థర్ కాటన్, 1803 మే 15, ఆక్స్‌ఫర్డ్‌షైర్ వుడ్‌కోట్‌కి చెందిన హెన్రీ కాల్వెలీ కాటన్ గారి పదో కొడుకు. వుడ్‌కోట్. మ్యాప్ తీసి చూశాను, ఇంకో వుడ్‌కోట్ ఏమైనా ఉందేమోనని కూడా చూశాను. అదే. విట్‌చర్చ్ బ్రిడ్జి దాటి, కొండెక్కి, స్టోక్ రో వెళ్ళే ముందు. గంట సేపు వాళ్ళ ఊళ్ళోనే కూర్చుని, ఆ కొండ మీద నీళ్ళు దొరకవని మాట్లాడుకుంటూ, వెళ్ళిపోయాం.

వెంటనే నాన్నకి ఫోన్ చేశాను. రాత్రి పదైంది, పడుకున్నారంట, అమ్మ లేపింది. మొత్తం చెప్పాను, గబగబా, చిన్నపిల్లాడిలా. అటునుంచి చాలాసేపు ఏమీ వినపళ్ళేదు, లైన్ కట్టయిందేమో అనుకుని నాన్నా, నాన్నా అన్నాను.

"మనం పులిహోర తిన్న చోటేనా?" అన్నారు.

అదే నాన్నా అన్నాను.

"నేను చెయ్యి కడుక్కున్న నీళ్ళు అక్కడ గులాబీ మొక్కకి పోశాన్రా" అన్నారు, "ఫోటోలో ఆ మొక్క ఉంది చూడు, అది పెద్దది చేయించి పంపు."